నందిగామ మేనేజరుగారి శుక్రవారాలు

ఇది పగ కథ. మామూలు పగ కాదు, తరతరాలు చెప్పుకోవలసిన పగ. తండ్రికి జరిగిన అన్యాయం, కొడుకు పట్టిన పంతం, జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా పరుచుకున్న రణరంగం, చివర శత్రువు మరణం. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకుంది.

అని మొదలుపెట్టాను గానీ, పొద్దున లేచి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. రణరంగం పొడవు బస్సులో ముప్పావుగంట, చిల్లకల్లు దగ్గర ఎక్కువసేపు ఆపకపోతే. అన్యాయం జరిగింది సెలైన్ సీసాల విషయంలో. కొడుకు పట్టిన ఆయుధం ఇంజెక్షన్ సూది. దాన్నైనా ఎవరికీ గుచ్చలేదు, అమ్మనన్నాడు, అంతే. శత్రువు షుగరు ముదిరి, తన మంచం మీద, తన టైముకి పోయాడు. అందులో నా ప్రమేయం ఏమీ లేదని ముందే మనవి చేస్తున్నాను.

ఆయన నందిగామలో ఒక నర్సింగ్ హోముకి మేనేజరు. పేరు రాయను. మాలాంటి సప్లయర్లకి ఆయన ఎప్పుడూ 'మేనేజరుగారే'. మాది జగ్గయ్యపేటలో సర్జికల్ షాపు. దూది, గ్లవ్స్, సిరంజీలు, సూదులు, ఆపరేషన్ బ్లేడ్లు చుట్టుపక్కల ఆస్పత్రులకి వేస్తాం. ఆస్పత్రులు వాడుకుంటాయి. తర్వాత డబ్బుల కోసం వెళితే, మేము ఎవరో గుర్తుచేసుకోవటానికి ప్రయత్నిస్తాయి.

ఆయన పోయిన వార్త పోయిన నెల మా సప్లయర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పది దణ్ణాలు, నాలుగు ఓం శాంతులు వచ్చాక ఎవడో 'మరి పెండింగు బిల్లులు ఎవరు చూస్తారు' అని అడిగాడు. అంతా తిట్టారు. ఆ అడిగింది నేనే.

ఆయన మాట ఒకటుండేది. "ఇస్తాం శెట్టిగారూ. ఎక్కడికి పోతాం?" ఇరవై ఏళ్ళు అందరికీ అదే చెప్పి, చెప్పాపెట్టకుండా పోయాడు. నమ్మకద్రోహానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఆయన్ని చూసి కోపం తెచ్చుకోవటం చాలా కష్టం. డబ్బు కోసం ఎవరొచ్చినా కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. అరవై దాటిన మనిషి, తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో మూడు పెన్నులు, రెండు చేతులూ జోడించి "రండి, రండి" అంటుంటే, తిట్టటానికి వచ్చినవాడు కూర్చోక తప్పదు. కూర్చుంటే అల్లం టీ వచ్చేది. టీ తాగుతూ ఎవడూ అరవలేడు. అది తాగటం అయ్యేలోపు ఆయన మన ఇంటిల్లిపాది ఆరోగ్యం అడిగేవాడు. మా నాన్నమ్మకి ఏ మోకాలు నొప్పో, మా అక్క థైరాయిడ్ మాత్ర ఎంత పవరుదో కూడా ఆయనకి గుర్తు. గ్లాసు కింద పెట్టేసరికి మనం వచ్చిన పని మనం మర్చిపోతే, పాపం ఆయనే గుర్తుచేసేవాడు, బిల్లు సంగతి తన బుర్రలోనే ఉందని, ఎక్కడికీ పోదని.

బిల్లులన్నీ బల్ల మీద ఒకటే దొంతర. పైన బరువుకి గడువు తీరిన గ్లూకోజు సీసా. ఆ దొంతరకి ఒక నియమం ఉంది. అరిచినవాడి బిల్లు అడుక్కి వెళుతుంది. మన కళ్ళముందే, మొహంలో ఏ కోపమూ లేకుండా, సీసా ఎత్తి, బిల్లు వెతికి, అడుగున పెట్టి, మళ్ళీ సీసా పెట్టేవాడు. ఇంకోసారి అరిస్తే, ఇంకా అడుక్కి పెట్టటానికి చోటు లేదు కాబట్టి, సొరుగులో వేసేవాడు. సొరుగులోకి వెళ్ళిన బిల్లు తిరిగొచ్చినట్టు మా లైన్లో ఎవరూ చెప్పుకోగా వినలేదు.

వెనక గోడకి పంచాంగం క్యాలెండరు. ఆస్పత్రి డబ్బంతా దాని చేతిలోనే ఉండేది. మంగళవారం డబ్బు బయటికి ఇవ్వకూడదు. శుక్రవారం అసలే ఇవ్వకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుంది. శనివారం సంతకం పెట్టవలసిన డాక్టరుగారు విజయవాడ వెళతారు. ఆదివారం బ్యాంకు లేదు. సోమవారం వారం మొదలు, మొదట్లోనే ఖర్చేమిటి. మిగిలినవి బుధ, గురువారాలు. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం, గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా. ఆ రెండింటిలో దేనిమీద అమావాస్య పడినా ఆ వారం పోయినట్టే. ఇక ఆషాఢం, మూఢం వస్తే ఆయన మొహంలో కనిపించే ప్రశాంతత మునులకి కూడా ఉండదు. బ్రహ్మదేవుడు కాలాన్ని అనంతంగా సృష్టించాడంటారు. అందులో చెక్కు రాయటానికి పనికొచ్చేది నెలకి ఆరేడు గంటలు.

మా వ్యాపారం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. సెలైన్ కంపెనీ మాకు ఇరవై రోజుల గడువిస్తుంది. మేము ఆస్పత్రికిచ్చే బిల్లు మీద ముప్ఫై రోజులని అచ్చు వేయించుకుంటాం. ఆస్పత్రి నూరు రోజులకి ఇస్తుంది. మధ్యలో ఉన్న ఎనభై రోజులే మా నాన్న. కాగితం మీద చూస్తే మేము కలిగినవాళ్ళం. సరుకుంది, లాభముంది, రావలసింది బోలెడుంది. చేతిలో మాత్రం ఏమీ ఉండదు. గోడౌను నిండా సెలైన్ పెట్టుకుని దాహంతో కూర్చున్నట్టు.

నాలుగేళ్ళ కిందట ఆ ఎనభై రోజులు ఒకసారి మా నాన్న మీద కూలిపోయాయి. మా షాపు వ్యాపారంలో సగం సెలైన్ ఏజెన్సీదే. జగ్గయ్యపేట, నందిగామ వైపు ఆ కంపెనీ సీసా ఎవరు కొనాలన్నా మా దగ్గరే కొనాలి. నాన్న కంపెనీకిచ్చిన చెక్కు ఒకటి తిరిగొచ్చింది. శుక్రవారం సాయంత్రం లోపు డబ్బు పంపకపోతే ఏజెన్సీ విజయవాడలో ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్ళు కబురు పెట్టారు. నందిగామ ఆస్పత్రి నుంచి రావలసింది సరిగ్గా ఆ మాత్రమే. నాన్న బుధవారం వెళ్ళి కూర్చున్నాడు. గురువారం మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఆయన అరిచే మనిషి కాదు. టిఫిన్ బాక్సు తీసుకెళ్ళి, ఆస్పత్రి బెంచీ మీదే తినేసి కూర్చునే రకం.

నేనప్పుడు విజయవాడలో సీఏ చదువుతున్నాను. సోమవారం నాన్న ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపూ లేదు, ఏమీ లేదు, సరుకు ధర చెప్పినట్టు చెప్పాడు.

"ఏజెన్సీ పోయింది రా. మేనేజరుగారి చెక్కుకి తిరిగి తిరిగి ఆలస్యమైపోయింది. శనివారం దాకా డబ్బు పంపటం కుదర్లేదు. అది రెండో శనివారం, బ్యాంకు లేదు."

సగం వ్యాపారం పోతే సగం జీతగాళ్ళు పోతారు. ఉన్న ఇద్దరిలో ఒకతన్ని మానిపించి, ఆ స్థానంలో నన్ను రమ్మన్నారు. ఒక మనిషి పంచాంగం వల్ల నా సీఏ చదువు ఆగిపోయిందని చాలామందికి చెప్పాను. అప్పటికి రెండుసార్లు ఫెయిలయ్యానన్న వివరం చెప్పటం కుదరలేదు.

ఆ రోజు నుంచి ఆయన మీద పగబట్టాను. చేతిలో ఎంతో కొంత పని ఉంటే ఎవడూ ఇంత శ్రద్ధగా పగబట్టలేడు. సెలైన్ పోయాక షాపులో నాకు ఖాళీ బాగా దొరికింది. ఆస్పత్రికి వరసగా ఎడమచేతి గ్లవ్సే పంపితే ఎట్లా ఉంటుందని ఆలోచించాను. ఆయనకే జ్వరమొచ్చి, ఆయన ఆస్పత్రిలోనే పడుకుని, సెలైన్ కావాలంటే, సీసా తీసుకుని నేనే వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి "ఇవాళ అమావాస్య గదండీ" అన్నట్టు చాలాసార్లు ఊహించుకున్నాను. విజయవాడ వెళ్ళేటప్పుడల్లా పరిటాలలో రోడ్డు పక్కన ఆకాశమంత ఎత్తున్న హనుమంతుడి విగ్రహానికి బస్సులోంచే దణ్ణం పెట్టి, ఆయనకి ఒక్కరోజైనా ఎక్కడా అరువు పుట్టకుండా చెయ్యి స్వామీ అని మొక్కేవాణ్ణి. అంత పొడుగు దేవుణ్ణి అంత పొట్టి కోరిక అడిగినవాడు నాకు ముందు ఉండడు.

స్వామి విన్నాడు. ఏడాది తిరిగాక ఒక శనివారం మధ్యాహ్నం మేనేజరుగారే ఫోన్ చేశాడు. సోమవారం నాలుగు ఆపరేషన్లున్నాయి, బ్లేడ్లూ సూదులూ నిండుకున్నాయి, ఈ సాయంత్రం బస్సులో వేయమని. మిగతా సప్లయర్లంతా పాత బాకీ తీరేదాకా సరుకు ఆపేశారని నాకు అప్పటికే తెలుసు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న గొంతు, ఎంతో మర్యాదగా బయటికి తీశాను.

"శనివారం ఇనుము బయటికి ఇవ్వమండీ, మా ఇంట్లో ఆనవాయితీ. పోనీ దీపాలు పెట్టాక చూద్దామన్నా, సూది అసలే ఇవ్వకూడదు గదండీ."

మా ఇంట్లో అట్లాంటి ఆనవాయితీ లేదు. అంతకు గంట ముందే వేరే ఆస్పత్రికి రెండు డబ్బాల సూదులు పంపాను. ఆయన అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే పగ సగం తీరేది.

"మంచిదే బాబూ," అన్నాడు. "ఆనవాయితీ తప్పకూడదు."

ఆదివారం పొద్దున ఏడింటికి షాపు షట్టరు తీయటానికి వెళితే, మెట్టు మీద మేనేజరుగారు కూర్చుని ఉన్నాడు. మొదటి బస్సుకి వచ్చేశాడట. నన్ను చూసి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు. ఈసారి నేను మోసపోలేదు. కుర్చీ వేయలేదు. టీ చెప్పలేదు. ఆయన ఇంట్లో ఎవరి ఆరోగ్యమూ అడగలేదు. మహా యోధులు ఇంకేమేం చేసేవారో గానీ, నాకు చేతనైన క్రూరత్వం ఇదే.

సంచీలోంచి డబ్బు తీసి కౌంటరు మీద పెట్టాడు. యాభైలు, ఇరవైలు, పదులు. అక్కడక్కడా వంద. చూడగానే తెలిసిపోయింది, అది శనివారం పేషెంట్లు కట్టిన ఓపీ చీటీల డబ్బు. ఆస్పత్రిలో అంతకు మించి లేదు. నేను ఒకసారి లెక్కపెట్టాను. సరిపోయింది. రెండోసారి లెక్కపెట్టాను. మూడోసారి, వేలు తడిచేసుకుంటూ, ఇంకా నెమ్మదిగా. ఆయన నిలబడే ఉన్నాడు. మూడోసారి అయ్యాక నవ్వాడు.

"ఇనుము సంగతి నిజంగా ఉందా బాబూ మీ ఇంట్లో?"

"మీ ఇంట్లో శుక్రవారం ఉన్నంత ఉందండీ," అన్నాను.

"అయితే లేదన్నమాట," అన్నాడు. "నాకు వారాలూ వర్జ్యాలూ ఏం పట్టింపు లేవు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి డబ్బు లేదు అని చెప్పటం కన్నా, ఇవాళ శుక్రవారం అని చెప్పటం మర్యాద గదా. ఆయనా గౌరవంగా ఇంటికి పోతాడు, ఆస్పత్రి పరువూ నిలబడుద్ది. మాకు రావాల్సిన చోట ఆ మర్యాద కూడా లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఏ వారమూ చెప్పరు."

ఇది విని నేను కరిగిపోయానని రాస్తే బాగుండేది. కరగలేదు. మీ మర్యాద వల్లే మా ఏజెన్సీ పోయిందని చెప్పాను. ఏడాదిగా అద్దం ముందు నిలబడి సాధన చేసిన మాటలన్నీ అన్నాను. రెండు మూడు మర్చిపోయాను కూడా. ఆయన సూదుల డబ్బాలు సంచీలో సర్దుకుంటూ విన్నాడు.

"మీ నాన్నకి గురువారమే ఇచ్చానే బాబూ చెక్కు," అన్నాడు.

అబద్ధాలకోరు అనుకున్నాను. అనుకోవటమే కాదు, ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, పైకి కూడా అన్నాను. అంతకు ముందు వరకూ ఆయన మీద ఉన్నది వ్యాపార పగ. ఆ మాటతో అది సొంత పగ అయింది. ఆ తర్వాత ఆ ఆస్పత్రికి రొక్కానికి తప్ప సరుకివ్వలేదు. ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా నాకు ఏదో ఒక తిథి అడ్డొచ్చేది. ఈ విద్యలో నేను ఆయన్ని మించిపోయానని మా నాన్న కూడా ఒప్పుకున్నాడు, సంతోషంగా కాదు.

ఇక ఆయన పోయాడు. పెద్దకర్మ భోజనానికి నాన్న వెళ్ళమన్నాడు. తను రాలేదు, కాళ్ళ నొప్పులన్నాడు. పాత బాకీలో కనీసం రవాణా ఖర్చులైనా రాబట్టాలని నేను పొద్దున టిఫిన్ మానేసి వెళ్ళాను. పగ తీర్చుకోవటానికి శత్రువు లేనప్పుడు ఆయన గారెలే గతి. నాలుగు గారెలు, మూడు బూరెలు అయ్యాయి.

నా పక్కన విస్తరి ముందు చిల్లకల్లులో దూది వ్యాపారం చేసే ఒకాయన కూర్చున్నాడు. మా గ్రూపులోవాడే, వాట్సాప్‌లో ఓం శాంతి పెట్టిన మొదటివాడు. యాభై ఏళ్ళ మనిషి, గొంతు పెద్దది. ఆయన బిల్లు ఎప్పుడూ అడుగునే ఉండేదని అందరికీ తెలుసు. బూరె తుంపుతూ, పోయినాయన్ని ఒక మాట అని, నన్ను ఒక చూపు చూసి మొదలుపెట్టాడు.

"మీ నాన్నంటే నాకు ఇప్పటికీ కడుపుమంటే అబ్బాయ్. తప్పుగా అనుకోమాక."

ఇంకొకళ్ళ పగలు వినే ఓపిక నాకు ఉండదు గానీ, ఇది మా నాన్న మీద కాబట్టి విన్నాను. ఆయన చెప్పింది ఇది. ఆ గురువారం వరసలో ముందు ఉన్నది తన బిల్లట. డాక్టరుగారు సంతకం పెట్టిన చెక్కు ఒక్కటే ఉంది, అందులో పేరు రాయటమే ఆలస్యం. తను పొద్దుట్నుంచి అరుస్తూనే ఉన్నాడు. మా నాన్న బెంచీ మీద టిఫిన్ బాక్సు మూత పెడుతున్నాడు. మేనేజరుగారు ఇద్దర్నీ చూసి, పెన్ను తీసి, మా నాన్న పేరు రాశాడు.

"రెండైంది. రాహుకాలమండీ అన్నా. మీకు రాహుకాలం, ఆయనకి గడువు అన్నాడు. నా మొహానే అన్నాడు అబ్బాయ్. ఆ నెల మా అమ్మాయి కాలేజీ ఫీజుకి వడ్డీకి తెచ్చా. మీ వాళ్ళని తల్చుకోని పూట లేదు."

ఇన్నాళ్ళూ ఈ రోడ్డు మీద పగతో తిరుగుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. నాకు మూడు మైళ్ళ దూరంలో ఇంకొకాయన మా ఇంటిని చూసి పళ్ళు నూరుతున్నాడు. పైగా ఆయన పగకి ఆధారం ఉంది. నా దగ్గర మా నాన్న మాట తప్ప ఏమీ లేదు. నాలుగో బూరె వడ్డించబోతే వద్దన్నాను.

తిరుగు బస్సులో ఫోన్ తీసి, నాన్న ఖాతా తెరిచి, నాలుగేళ్ళ కిందటి స్టేట్‌మెంట్ దింపాను. ఆ ఖాతా ఫోన్లో నేనే చూస్తాను. పాత కాగితాల కోసం ఒక్కసారీ తెరవాలని తోచలేదు, నాకు నిజం ముందే తెలుసు కాబట్టి. ఆస్పత్రికీ మాకూ ఒకటే బ్యాంకు. నాన్న ఆ చెక్కు నందిగామ బ్రాంచీలోనే వేశాడు. గురువారం సాయంత్రం డబ్బు జమయింది. గురువారం రాత్రి ఉంది. శుక్రవారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఉంది. శని, ఆదివారాలు ఉంది. సోమవారం కంపెనీకి వెళ్ళింది.

షాపులో నాన్న గ్లవ్స్ డబ్బాల మీద సైజులు రాస్తున్నాడు. ఫోన్ ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. చదివి, మళ్ళీ డబ్బా అందుకున్నాడు.

"తెల్లారితే శుక్రవారం గదరా. శుక్రవారం పూట అంత డబ్బు ఇంట్లోంచి ఎట్టా పంపుతాం?"

"ఆయన ఆలస్యం చేశాడని చెప్పావ్ గదా నాన్నా."

"ఆలస్యం చేశాడు, నిజమేగా. చెక్కు శనివారం పడిందని నేను అన్లా. శనివారం దాకా పంపటం కుదర్లేదన్నా. మిగతాది నువ్వే అనుకున్నావ్."

"మరి నాలుగేళ్ళు ఆయన్ని తిడుతుంటే ఊరుకున్నావే?"

నాన్న పెన్ను మూత పెట్టాడు. డబ్బా తిప్పి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూశాడు.

"ఎవర్నో ఒకర్ని తిట్టుకుంటేగానీ నీకు పూట గడిచేట్టు లేదు. ఆయన్ని తిట్టటం ఆపితే నన్ను తిడతావ్ గదరా."

రెండు ముక్కల్లో ఖాతా మూసేసినట్టు చెప్పి, ఇంకో డబ్బా తీసుకున్నాడు. ఈ ఇద్దరిలో శుక్రవారాన్ని నిజంగా నమ్మినవాడు మా నాన్న. నమ్మినట్టు నటించినవాడు, అవసరమైన రోజున రాహుకాలాన్ని కూడా పక్కనపెట్టి చెక్కు రాశాడు. అంతటి మనిషిని మెట్టు మీద నిలబెట్టి, పది రూపాయల నోట్లు మూడుసార్లు లెక్కపెట్టాను.

ఇప్పుడు నా దగ్గర నాలుగేళ్ళపాటు పోగుచేసిన పగ నిల్వ ఉండిపోయింది, పంపటానికి చిరునామా లేదు. నాన్న మీదికి మారుద్దామంటే ఆయనకి బీపీ. లక్ష్మీదేవి మీద పగబట్టే స్తోమత మాకు లేదు. దూది ఆయనకి ఫోన్ చేసి, మమ్మల్ని తిట్టుకోవటం న్యాయమేనని చెప్పాను. ఆయన అది తనకి ముందే తెలుసన్నాడు.

సెలైన్ ఏజెన్సీ ఇప్పటికీ విజయవాడ వాళ్ళ దగ్గరే ఉంది. మేమూ వాళ్ళ దగ్గరే కొంటున్నాం. పెట్టెకి ఇరవై నాలుగు సీసాలు, ఆటో కిరాయి కొన్నవాళ్ళదే.